ముందు ప్రొపెల్లర్, ఆ తర్వాతే ఇంజిన్

పడవలు, మోటార్లు, వాటి తంటాలు: పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత మెరైన్ ఇంజనీరు జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది భీమవరం. చాలా ఏళ్లుగా అమెరికాలో మేరీల్యాండ్‌లో ఉంటున్నాం. ఈమధ్య అన్నాపోలిస్‌లో ఒక పాత తెరచాప పడవ కొన్నాను. కాటలీనా 30, 1978లో కట్టింది. అందులో యూనివర్సల్ కంపెనీ ‘అటామిక్ 4’ పెట్రోలు ఇంజిన్ ఉంది, పడవతో పాటు పుట్టిందే. నిరుటి వేసవి నుంచి పావుగంట నడిపితే చాలు, వేడెక్కిపోతోంది. విప్పి చూసిన మెకానిక్ బ్లాకులో నీళ్లు తిరిగే దారులు తుప్పుతో పూడిపోయాయన్నాడు, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ కూడా పడిపోయిందన్నాడు. ఇక మా ఆవిడ, క్యాబిన్‌లోకి దిగితే పెట్రోలు వాసన వస్తోందని పిల్లల్ని పడవ ఎక్కనివ్వడం మానేసింది. కొత్త డీజిల్ ఇంజిన్ వేయించాలని నిర్ణయించుకున్నాం. యాన్మార్ వేయమని ఒకరంటారు, బీటా వేయమని ఇంకొకరంటారు. పాతది 30 హార్స్‌పవర్ కదా, 20 చాలంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఏది కొనాలి? ఖర్చు ఎంత పెట్టుకోవాలి? కొంత పని నేను చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మేరీల్యాండ్

జవాబు: ముందు మీ ఆవిడ మాట. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఆవిడ ముక్కు ఇచ్చిందే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. కారు కింద కారితే గాలికి కొట్టుకుపోతుంది. పడవలో కారితే పోవడానికి దారి లేక అడుగున బిల్జిలో చేరి కూర్చుంటుంది. ఎక్కడో ఒక స్విచ్ దగ్గర చిన్న నిప్పురవ్వ పుడితే చాలు. అందుకే పెట్రోలు ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయర్ (ఇంజిన్ గది గాలిని బయటికి తోసే ఫ్యాను) నడపమని అమెరికా కోస్ట్‌గార్డ్ చెబుతుంది. డీజిల్‌తో ఆ భయం చాలావరకు పోతుంది. మీ దగ్గర అమ్మే మామూలు డీజిల్ 52 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే గానీ అంటుకునేంత ఆవిరి వదలదు. పెట్రోలుకి ఆ అంకె సున్నాకి 40 డిగ్రీలు కిందే ఉంటుంది. కాబట్టి కొత్త ఇంజిన్ వచ్చేలోపు కూడా, ఆ వాసన ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోకుండా స్టార్టర్ ముట్టుకోకండి. బ్లోయర్ తిరిగాక కూడా వాసన వస్తుంటే ఆ రోజుకి ప్రయాణం లేనట్టే.

ఇక 30, 20 పేచీ. అటామిక్ 4 మంచి ఇంజినే. విస్కాన్సిన్‌లోని ఓష్‌కోష్‌లో 1947 నుంచి 1985 దాకా సుమారు 40 వేలు తయారయ్యాయి. కాగితం మీద దానికి 30 హార్స్‌పవర్ ఉన్న మాట నిజం. కానీ అంత రావాలంటే అది నిమిషానికి 3,500 చుట్లు తిరగాలి. మీ పడవలో అది ఏనాడూ అన్ని చుట్లు తిరిగి ఉండదు. ఎందుకంటే మీది డైరెక్ట్ డ్రైవ్, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ కూడా అన్నే తిరుగుతుంది. అంత వేగంతో ప్రొపెల్లర్‌ను నీళ్లు తిరగనివ్వవు. 2,000 చుట్లకు కాస్త అటూ ఇటూగా అది ఇంజిన్‌ను పట్టి ఉంచేస్తుంది, అక్కడ మీకు దక్కేది 15 హార్స్‌పవర్ చిల్లర. కొత్త డీజిల్‌కి వెనక తగ్గింపు గేర్‌బాక్స్ ఉంటుంది. ఉదాహరణకి యాన్మార్ 3వైఎం20కి వచ్చే గేర్‌బాక్సుల్లో 2.62 నిష్పత్తి ఒకటి. ఇంజిన్ 3,600 చుట్లు తిరిగితే షాఫ్టు సుమారు 1,375 చుట్లు తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ నీటిని బాగా పట్టుకుంటుంది. ఆ 20 హార్స్‌పవర్ మొత్తం పనిలోకి వస్తుంది.

పడవ వైపు నుంచి కూడా లెక్క చూద్దాం. కాటలీనా 30 నీటిమట్టం దగ్గర పొడవు 25 అడుగులు. ఇలాంటి పడవ తన సొంత అలను దాటి పోలేదు. ఆ హద్దు వేగం నాట్లలో (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు) కావాలంటే, అడుగుల్లో ఉన్న ఆ పొడవుకి వర్గమూలం కట్టి 1.34తో హెచ్చించాలి. మీకు 6.7 నాట్లు వస్తుంది. అక్కడికి చేరాక 50 హార్స్‌పవర్ పెట్టినా పడవ తోక నీళ్లలో కూరుకుపోతుంది తప్ప ముందుకి పరిగెత్తదు. ఖాళీ పడవ బరువు 10,200 పౌండ్లు, అంటే 4.6 టన్నులు. నీళ్లు, సామాను, మనుషులతో ఐదు టన్నులు దాటుతుంది. ఎదురుగాలిలో కూడా దారి కావాలంటే టన్నుకి 4 హార్స్‌పవర్ చొప్పున వేసుకోమంటారు పాతవాళ్లు. 20 నుంచి 25 మధ్య ఏది వేసినా మీకు బలం తక్కువైందని అనిపించదు. 30 వేస్తే అది ఎప్పుడూ సగం లోడు మీదే నడుస్తుంది, డీజిల్‌కి అది ఒంటబట్టదు. లోడు లేకుండా నడిచే డీజిల్ లోపల మసి పట్టించుకుంటుంది.

అందరూ ఇంజిన్ బొమ్మల పుస్తకం తెరిచి ముందు రంగు చూస్తారు. యాన్మార్ బూడిద రంగు, వోల్వో ఆకుపచ్చ, బీటా ఎరుపు. మీరు పడవను ఒడ్డెక్కించి వెనక నిలబడి చూడండి. పని అక్కడ మొదలవుతుంది. డైరెక్ట్ డ్రైవ్ అటామిక్ 4కి ఎడమచేతి ప్రొపెల్లర్ (పడవ ముందుకి వెళ్లేటప్పుడు వెనకనుంచి చూస్తే ఎడమవైపుకి తిరిగేది) వాడతారు. కొత్త గేర్‌బాక్సులతో మామూలుగా కుడిచేతి ప్రొపెల్లర్ వాడాలి. అంటే మీ పాత ప్రొపెల్లర్ గోడకి తగిలించుకోవడానికే. కొత్తది పాతదానికన్నా పెద్దదిగా ఉంటుంది కాబట్టి, రెక్క కొనకీ పడవ అడుగుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. ప్రొపెల్లర్ వ్యాసంలో పదో వంతుకి తగ్గకూడదు, 15 శాతం ఉంటే హాయి. 15 అంగుళాల ప్రొపెల్లర్‌కి కనీసం అంగుళన్నర అన్నమాట. అంత ఖాళీ లేకపోతే గేర్ నిష్పత్తి తగ్గించి చిన్న ప్రొపెల్లర్‌కి సర్దుకోవాలి. చూశారా, ఏ గేర్‌బాక్స్ కొనాలో పడవ అడుగున ఉన్న ఖాళీ చెబుతోంది. గేర్‌బాక్స్ ఇంజిన్‌తో కలిసే వస్తుంది, ఆర్డరిచ్చాక మార్చమంటే డీలర్ మొహం మారుతుంది.

ఈ కుడిచేతి సంగతికి ఇంకో తోక ఉంది. మీ పడవ ఇన్నాళ్లూ రివర్స్ వేస్తే వెనక భాగం కుడివైపు జరిగి ఉంటుంది. ఇకమీదట ఎడమవైపు జరుగుతుంది. మీ స్లిప్‌లోకి పడవను ఏ పక్కనుంచి తెచ్చి కట్టడం అలవాటో, అదంతా తిరగేసుకోవాలి. మొదటి నాలుగు రోజులు పక్క పడవ ఖరీదైనది కాకుండా చూసుకోండి.

షాఫ్టు దగ్గరికి వద్దాం. 2,000 చుట్ల దగ్గర 15 హార్స్‌పవర్ మోసే షాఫ్టు మీద పడే మెలిపెట్టే బలం 53 న్యూటన్ మీటర్లు. అదే 1,375 చుట్ల దగ్గర 20 హార్స్‌పవర్ మోస్తే 104. హార్స్‌పవర్ తగ్గించామని మనం అనుకుంటుంటే షాఫ్టు మీద బరువు రెట్టింపయింది. మీ పాత షాఫ్టు ముప్పావు అంగుళందైతే మారుమాట లేకుండా మార్చండి. అంగుళం మందం ఉన్నా పొడవు కలవదు, ఎందుకంటే కొత్త గేర్‌బాక్స్ ముఖం పాతది ఉన్నచోట ఉండదు. షాఫ్టు బయటికి తీసినప్పుడే స్ట్రట్‌లో (షాఫ్టును పడవ బయట పట్టి ఉంచే కాలు) ఉండే రబ్బరు బేరింగు, లోపలి స్టఫింగ్ బాక్స్ (షాఫ్టు పక్కనుంచి నీళ్లు లోపలికి రాకుండా ఆపేది) గొట్టం, షాఫ్టును గేర్‌బాక్స్‌కి కలిపే కప్లింగ్ కొత్తవి వేసేయండి. వీటికయ్యే డబ్బు పెద్దది కాదు. వీటికోసం పడవను మళ్లీ ఒడ్డెక్కించాల్సి వస్తే అయ్యేది పెద్దది. షాఫ్టుకి కట్టే బలి లోహం (తాను అరిగిపోయి షాఫ్టును కాపాడే ముక్క) కూడా అప్పుడే చూసుకోండి. మీ చెసపీక్ అఖాతం నీళ్లు సగం ఉప్పు, సగం తీపి. అలాంటి నీటిలో జింకు కన్నా అల్యూమినియం ముక్క బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు ఇంజిన్ కూర్చునే చోటు. పాత ఇంజిన్ బయటికి వెళ్లకముందే నాలుగు కొలతలు రాసుకోండి: రెండు బెడ్ల (ఇంజిన్ కాళ్లు ఆనే దిమ్మెలు) మధ్య వెడల్పు, షాఫ్టు మధ్యగీత నుంచి బెడ్ పైభాగానికి ఎంత ఎత్తు తేడా, కప్లింగ్ ముఖం నుంచి ముందు గోడకి ఎంత దూరం, షాఫ్టు ఎంత వాలుగా ఉంది. కొత్త ఇంజిన్ నక్షా కంపెనీ ఇస్తుంది. ఆ కొలతలతో సన్న ప్లైవుడ్‌తో ఒక బొమ్మ ఇంజిన్ చేసి లోపల పెట్టి చూడండి. ఆయిల్ ఫిల్టరు తిప్పడానికి చేయి పడుతోందా? నీళ్ల పంపు మూత తీసి రబ్బరు ఇంపెల్లర్ మార్చగలరా? ఆయిల్ పుల్ల పైకి లాగితే కప్పుకి తగులుతోందా? కంపెనీ పుస్తకంలో ఇవేవీ ఉండవు. మీ ప్లైవుడ్ బొమ్మ చెబుతుంది.

మీరడిగిన యాన్మార్, బీటా తగువు ఇక్కడ తీరుతుంది. యాన్మార్ జపాన్ కంపెనీ, తన ఇంజిన్ తానే కడుతుంది. 3వైఎం20 మూడు సిలిండర్లది, 21 హార్స్‌పవర్, గేర్‌బాక్స్‌తో కలిపి సుమారు 130 కిలోలు. మీ అటామిక్ 4 దాదాపు 150. బీటా ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ వాళ్లది. కుబోటా బ్లాకు తెచ్చి దాన్ని సముద్రానికి తగినట్టు మారుస్తుంది. ఇంజిన్ కాళ్లను పాత బెడ్లకు సరిపోయేలా చేసివ్వడం బీటావాళ్ల ప్రత్యేకత. అటామిక్ 4 ఖాళీ చేసిన చోట కూర్చోవడానికే తయారుచేసిన కాళ్లతో కూడా అమ్ముతారు. బెడ్లు కోసి మళ్లీ ఫైబర్‌గ్లాస్ పొరలు వేసే పని తప్పితే ఆదా అయ్యేది డబ్బు ఒక్కటే కాదు, వారాలు కూడా. మీ పడవకైతే నా ఓటు బీటాకే, 20 గానీ 25 గానీ. మీ రేవుకి గంట దూరంలో మంచి యాన్మార్ డీలరుండి, బీటా డీలరు మూడు రాష్ట్రాల అవతల ఉంటే మాత్రం యాన్మార్ తీసుకోండి. రెండూ మీకంటే ఎక్కువ కాలం బతికే ఇంజిన్లే.

కొత్త పెళ్లికూతురు ఒక్కతే అత్తారింటికి రాదు, సారె బండి వెంట వస్తుంది. ఇంజిన్‌తో వచ్చే సారెలో నాకు భయం ఎగ్జాస్ట్ ఒక్కటే. కొత్త ఇంజిన్లు పాడైన సందర్భాలు నేను చూసినవాటిలో ఎక్కువ శాతం ఇక్కడే. పొగలోకి సముద్రపు నీళ్లు కలిపి చల్లార్చి, ఆ రెండింటినీ ఒక డబ్బాలోంచి వెనక్కి తోస్తారు. నీళ్లు కలిసే చోటు పడవ నీటిమట్టం కన్నా కనీసం 15 సెంటీమీటర్లు పైన ఉండాలి. లేకపోతే ఇంజిన్ ఆగాక కూడా సైఫన్ పట్టి సముద్రం మెల్లగా డబ్బాలోకి, అక్కడినుంచి సిలిండర్లలోకి దిగుతుంది. తెల్లారి స్టార్టర్ నొక్కితే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తెరచాప పడవల్లో ఇంజిన్ కిందికి ఉంటుంది కాబట్టి ఆ 15 సెంటీమీటర్లు చాలాసార్లు దొరకవు. అప్పుడు నీళ్ల గొట్టాన్ని బాగా పైకి తీసుకెళ్లి వంపు తిప్పి, ఆ వంపు నెత్తిన గాలి పీల్చే వాల్వు పెట్టాలి. పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడు కూడా ఆ వంపు నీటి పైనే ఉండాలి గనుక పడవ మధ్యగీతకి దగ్గరగా పెట్టండి. వెనక్కి పోయే హోసు బయటికి వెళ్లేముందు హంసమెడలా ఒకసారి పైకి లేవాలి. పాత ఎగ్జాస్ట్ గొట్టం కొత్తదానికి సన్నం కావచ్చు. ఈ తరగతి ఇంజిన్లకి 2 అంగుళాలది అడుగుతారు. అంటే పడవ వెనక గోడకున్న రంధ్రం కూడా పెద్దది చేయాలి. ఇంకో మాట: కొత్త ఇంజిన్ మొదట్లో డీజిల్ గొట్టంలో గాలి పట్టి స్టార్ట్ కాకపోతే పదేపదే క్రాంక్ చేయకండి. ఇంజిన్ మండకపోయినా నీళ్ల పంపు తిరుగుతూ డబ్బా నింపుతూనే ఉంటుంది. నీళ్ల వాల్వు మూసి క్రాంక్ చేయండి, పట్టుకున్న క్షణం తెరవండి.

డీజిల్ ట్యాంకు గురించి క్లుప్తంగా. పెట్రోలు ట్యాంకు కడిగి వాడుకుందామనే ఆలోచన మానండి. డీజిల్‌కి వెళ్లే గొట్టంతో పాటు మిగిలింది తిరిగి వచ్చే గొట్టం కూడా కావాలి, పాత ట్యాంకుకి అది ఉండదు. జింకు పూసిన రేకు ట్యాంకు అసలే పనికిరాదు, డీజిల్ జింకుతో కలిసి జిగురు కట్టి ఫిల్టర్లు మూసేస్తుంది. కొత్త ట్యాంకు, కొత్త హోసులు, నీళ్లు వేరుచేసే ఫిల్టరు వేయండి. డెక్ మీద నింపే మూతకి ‘డీజిల్’ అని రాసి ఉన్నది బిగించండి. పంపు దగ్గర పనిచేసే కుర్రాడికి మీ పడవ పాత చరిత్ర తెలుసు, కొత్తది తెలియదు. చలికాలం ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీలో చెమ్మ పట్టి నీళ్లు చేరితే ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు బురదలా పెరుగుతాయి.

కరెంటు పని తేలిక. వైర్ల కట్ట ప్లగ్గుతో వస్తుంది, మీరు ప్యానల్ చోటు కోసుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేస్తే ఆల్టర్నేటరు డయోడ్లు పోతాయి. డీజిల్ తాళంచెవి తిప్పితే ఆగుతుందనుకునే పెట్రోలు అలవాటు కూడా వదులుకోవాలి. కొన్నిటికి ఆపే మీట వేరుగా ఉంటుంది. ముందు మీటతో ఇంజిన్ ఆపి, తర్వాతే తాళం తిప్పాలి.

ఏం మీరు చేసుకోవచ్చు అంటే: పాతది విప్పడం, బిల్జి కడిగి రంగు వేయడం, ట్యాంకు పెట్టడం, వైర్లు లాగడం, శబ్దం ఆపే పలకలు అతికించడం. నాలుగు పానాలు పట్టుకోవడం వచ్చిన మనిషికి ఇవి శీతాకాలం శనాదివారాల పని. పాత ఇంజిన్‌ను పైకి లేపడం యార్డు క్రేన్‌తో చేయించండి. తెరచాప అడ్డకొయ్యకి చైన్ బ్లాకు కట్టి లేపినవాళ్లున్నారు, ఆ కొయ్యని పైనుంచి మరో తాడుతో పట్టి ఉంచాలని మర్చిపోయి కొయ్యా ఇంజినూ కలిపి దింపినవాళ్లూ ఉన్నారు. ఎగ్జాస్ట్, అలైన్‌మెంటు మాత్రం అర్హత ఉన్న మెకానిక్ చేతిలో పెట్టండి, వారంటీ కాగితం మీద అతని సంతకం కావాలి. పడవల ప్రమాణాలు రాసే అమెరికన్ బోట్ అండ్ యాచ్ కౌన్సిల్ కార్యాలయం మీ అన్నాపోలిస్‌లోనే ఉంది. ఎగ్జాస్ట్‌కి పీ-1, డీజిల్ ఇంధనానికి హెచ్-33 అని వాళ్ల ప్రమాణాలున్నాయి. పని ఆ ప్రకారం జరుగుతుందని కొటేషన్ మీదే రాయించుకోండి. రాయడానికి ఇష్టపడని యార్డుకి నమస్కారం పెట్టి వచ్చేయండి.

అలైన్‌మెంటు గురించి చెప్పకుండా ఉండలేను. నేను విశాఖలో సింధియా దగ్గర పెరిగి, ఓడలెక్కి, మూడంతస్తుల ఎత్తు ఇంజిన్ల మధ్య పనిచేసిన మనిషిని. అక్కడైనా మీ 25 హార్స్‌పవర్ దగ్గరైనా చూసేది ఇదే, రెండు ముఖాలు సమంగా కలుస్తున్నాయా అని. కప్లింగ్ వ్యాసం ఎన్ని అంగుళాలో అన్ని థౌల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తేడాను మించకూడదు. 4 అంగుళాలకి 4 థౌలు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్న రేకు) చుట్టూ నాలుగు చోట్ల పెట్టి చూడాలి. ఇది ఒడ్డు మీద చేసినది లెక్కలోకి రాదు. పడవ స్టాండ్ల మీద ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్లలో తేలేటప్పుడు మరో ఆకారంలో ఉంటుంది. నీళ్లలోకి దించి, తెరచాప కొయ్య నిలబెట్టి, తాళ్లు బిగించి, రెండు మూడు రోజులు వదిలేశాక మళ్లీ కొలవాలి. బిల్లులో ఈ రెండో కొలత ఉందో లేదో చూడండి. చాలా బిల్లుల్లో ఉండదు.

చివరగా పరీక్ష. ఖాళీ నీళ్లలో మీట పూర్తిగా నెట్టండి. 3,600 చుట్ల ఇంజిన్ ఆ 3,600 అందుకోవాలి. 3,000 దగ్గర ఆగి నల్లపొగ కక్కుతోందంటే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైంది. ప్రొపెల్లర్ విప్పి పిచ్ తగ్గించమని అప్పుడే అడగండి, ‘నడుస్తోంది కదా’ అంటే ఒప్పుకోకండి. ఎక్కువ పిచ్‌తో నడిచే డీజిల్ ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్టే శ్రమపడుతుంది. మొదటి 50 గంటలయ్యాక ఆయిలు, ఫిల్టరు మార్చండి. ఆ గంటల్లో కట్టేసిన చోట ఊరికే ఐడిల్‌లో నడపకండి, లోడు మార్చి మార్చి నడపండి. ఐదున్నర నాట్ల మీద గంటకి 2 లీటర్లకు అటూ ఇటూగా తాగుతుంది.

డబ్బు: యార్డు చేత అంతా చేయిస్తే, ఇంజిన్ ధర ఎంతో ఇంకా అంత పక్కన పెట్టుకోండి. మొత్తం కలిపి మీ పడవ అమ్మితే వచ్చేదాన్ని దాటిపోతుంది. తిరిగి అమ్మే ఆలోచన ఉంటే ఈ పని చేయకండి, డీజిల్ ఉన్న మరో కాటలీనా కొనుక్కోవడం చవక. పదేళ్లు ఉంచుకుని పిల్లల్ని తిప్పాలనుకుంటే చేయించండి.

ప్రశ్న: న్యూజెర్సీలో నా పడవలోనూ అటామిక్ 4 ఉంది. చక్కగా నడుస్తోంది. అందరూ డీజిల్‌కి మారుతున్నారు, నేనూ మారాలా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అక్కర్లేదు. నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉండి, వేడి నిలకడగా ఉంటే ఆ ఇంజిన్‌ను తీయడం పాపం. మోయర్ మెరైన్ వాళ్లు ఇప్పటికీ దానికి విడిభాగాలు అమ్ముతున్నారు, ఎనభైల్లో ఆగిపోయిన ఇంజిన్‌కి అది తక్కువ అదృష్టం కాదు. బ్లాకులోకి నేరుగా ఉప్పునీళ్లు వెళ్తుంటే వేడిమార్పిడి డబ్బా ఒకటి వేయించి లోపల మంచినీళ్లు తిప్పండి. మీ పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, అది చెమ్మను లాగుతుంది. సీజను చివర పాత పెట్రోలు ట్యాంకులో మగ్గబెట్టకండి. ఇంధనపు హోసుల మీద తయారీ సంవత్సరం ముద్ర ఉంటుంది, అది చదవండి. చదవలేనంత పాతదైతే ఈ వారమే మార్చండి. బ్లోయర్ సంగతి పైన రాశాను.

ప్రశ్న: హుస్సేన్ సాగర్‌లో లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడపడం నేర్చుకుంటున్నాను. దానికి ఇంజినే లేదు. తెరచాప ఉన్న పడవకి అన్ని వేలు పోసి ఇంజిన్ ఎందుకు?
– ఒక విద్యార్థిని, సికింద్రాబాద్

జవాబు: మీ లేజర్ పెంకు 59 కిలోలు. గాలి పడిపోతే తెడ్డేసుకుని గట్టుకి రావచ్చు, చివరికి చేత్తో లాగవచ్చు. ఐదు టన్నుల పడవను చేత్తో ఆపబోతే చేయి పోతుంది. పైగా చెసపీక్‌లో ఆగస్టు మధ్యాహ్నాలు ఆకు కదలదు, సాయంత్రానికి ఉరుముల గాలివాన విరుచుకుపడుతుంది. ఆ రెంటి మధ్యా రేవు చేరాలి. డెలావేర్ వైపు దాటే సీ అండ్ డీ కాలువలో తెరచాప మీద వెళ్లడం నిషేధం, ఇంజిన్ నడవాల్సిందే. అయితే ఒక మాట. ఇంజిన్ లేకుండా నేర్చుకున్నవాళ్లే పెద్ద పడవలు బాగా నడుపుతారు. మీరు అలాగే కొనసాగండి.

ప్రశ్న: మా ఇంట్లో కుబోటా ట్రాక్టరు ఉంది. మెరైన్ ఇంజిన్లలో కూడా అదే కంపెనీ బ్లాకు వాడతారని విన్నాను. అదే బ్లాకు అయినప్పుడు మెరైన్ ఇంజిన్ ధర అంత ఎక్కువెందుకు? పాత ట్రాక్టరు ఇంజిన్ కొని పడవలో పెట్టుకోలేమా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఈ ప్రశ్న కాకినాడ నుంచి రావడం సహజం. మన రేవుల్లో ట్రాలర్లు నడిపించే అశోక్ లేలాండ్ ఇంజిన్ల కుటుంబం లారీల్లో కూడా తిరిగిందే. మీ సరంగులకి ఇదేం వింత కాదు. బ్లాకు, పిస్టన్లు, ఇంజెక్షన్ పంపు ట్రాక్టరువీ పడవవీ ఒకటే కావచ్చు. తేడా అంతా వాటి చుట్టూ ఉంటుంది.

ట్రాక్టరుకి ముందు రేడియేటరు, దానికి ఫ్యాను లాగే బయటి గాలి. పడవ అడుగున ఆ గాలి లేదు. అందుకని ఉప్పునీళ్లు లాగే రబ్బరు ఇంపెల్లర్ పంపు ఒకటి, ఆ ఉప్పునీటితో లోపలి మంచినీటిని చల్లార్చే రాగి నికెల్ గొట్టాల డబ్బా ఒకటి కావాలి. ట్రాక్టరు ఎగ్జాస్ట్ మానిఫోల్డు ఎర్రగా కాలినా పొలంలో ఫరవాలేదు, ఫైబర్‌గ్లాస్ గదిలో కుదరదు. దాని చుట్టూ నీళ్లు తిరగాలి. పడవ ఒక పక్కకి ఒరిగి గంటలు నడుస్తుంది, అప్పుడు కూడా ఆయిల్ పంపు నోరు ఆయిల్లోనే మునిగి ఉండేలా ఆయిలు నిలిచే సంపు ఆకారం మారాలి. ఆయిలు కింద నట్టు విప్పి దింపే వీలుండదు, పైకి తోడే చేతిపంపు ఉండాలి. ఇక అన్నిటికన్నా ఖరీదైనది గేర్‌బాక్సు. ట్రాక్టరు గేర్లు చక్రాల కోసం. పడవది ముందుకీ వెనక్కీ ఒకే బలంతో తిప్పాలి, పైగా ప్రొపెల్లర్ పడవను నెట్టే తోపుడంతా షాఫ్టు ద్వారా వచ్చి దాని బేరింగు మీదే పడుతుంది. ట్రాక్టరు క్లచ్చుకి ఆ తోపుడు అలవాటు లేదు, క్రాంకు బేరింగులు తినేస్తుంది.

ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి. బ్లాకులకి మెరైన్ సామాను కిట్లుగా అమ్మేవాళ్లున్నారు, చేతిలో లేత్ ఉన్నవాడు చేసుకోగలడు కూడా. చేపల బోటులో, డ్రైవరు పక్కనే కూర్చుని చూసుకునే చోట అది నడుస్తుంది. మీరు సరదాకి తిరిగే పడవకైతే ట్రాక్టరు ఇంజిన్ బేరం ఆడకముందే మెరైన్ గేర్‌బాక్సు, వేడిమార్పిడి డబ్బా, నీళ్లు తిరిగే మానిఫోల్డు, ఈ మూడింటి ధరలు కాగితం మీద రాసుకుని కూడండి. గేర్‌బాక్సు కొనేటప్పుడు ఇంజిన్ వెనక బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్సు బిగించే గంట ఆకారపు మూత) కొలత తీసుకెళ్లండి, అది కలవకపోతే మధ్యలో పలక కోయించాలి.